కిందటి నెలదే

పోయిన వారం మన లెక్కలమ్మని ఒక గేటు ముందు నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, వారం నుంచీ అక్కడే ఉంది. గేటుకి తాళం, తాళానికి తుప్పు. తలెత్తి చూస్తే మాత్రం పసుపు రంగు క్రేను ఆకాశంలో నింపాదిగా తిరుగుతోంది.

ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. లెక్కలమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు, మొగుడు ముద్దుగా పెట్టుకున్నది. గణాంకాల శాఖలో నిర్మాణ రంగం ఆవిడ విభాగం. దేశం మొత్తమ్మీద నెలనెలా ఎంత కట్టారు, ఎంతమంది ఆ పనిలో ఉన్నారు, కొత్తగా ఎన్ని కట్టడాలకి అనుమతులిచ్చారు, ఈ మూడు అంకెలూ ఆవిడ బల్ల మీద నుంచే బయటికి వెళ్తాయి. ఈ నెల అంకెలు రేపు పొద్దున ప్రకటించాలి. మొగుడేమో అదే రంగంలో క్రేను నడిపే మనిషి. సైటులో అందరికంటే ఎత్తులో కూర్చుంటాడు కాబట్టి తోటివాళ్ళు అతన్ని 'పైవాడు' అంటారు. పైవాడు దిగితే గానీ సైటులో భోజనాల గంట మోగదని వాళ్ళ హాస్యం.

పెద్ద నిర్మాణ సంస్థలన్నీ ఆవిడ ఆఫీసుకి నెలనెలా జవాబు పంపాలి. పంపకపోతే? అంకె ఖాళీగా ఉంచకూడదు, అది అక్కడి పద్ధతి. కిందటి నెల ఎంతమంది ఉన్నారన్నారో ఈ నెలా అంతమందే ఉన్నారనుకుని వేసేస్తారు. ఆఫీసులో అది ఊతపదమైపోయింది. "ఆ సంస్థది రాలేదండీ." "కిందటి నెలదే." క్యాంటీన్‌లో టీ ఎలా ఉందని అడిగినా కిందటి నెలదే అనేస్తారు.

మొగుడు పనిచేసే సంస్థ నుంచి కొన్నాళ్ళుగా ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ కిందటి నెలదే, కిందటి నెలదే అనుకుంటూ వేస్తూ వచ్చింది. ఇంట్లో ఆయన్ని ఒక్క మాట అడిగితే పోయేది కదా అంటారు మీరు. అడక్కూడదు. ఏ ఒక్క సంస్థ సంగతీ ఆ గది దాటనివ్వనని ఉద్యోగంలో చేరిన రోజున ప్రమాణం చేయిస్తారు, ఆ ప్రమాణమంటే ఆవిడకి ప్రాణం. పైగా ఆఫీసు కిటికీలోంచి, రెండు భవనాల సందులోంచి, ఆ క్రేను చెయ్యి కొస కనపడుతుంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతుంది. మా ఆయన పనిలో ఉన్నాడు, సంస్థ నడుస్తోంది, జవాబు రాసే గుమాస్తాకి బద్ధకం, అంతే అనుకుంది. నేనైనా అంతే అనుకునేవాణ్ణి.

ఇన్ని నెలలు జవాబు రాకపోతే ఒక మనిషి వెళ్ళి చూసి రావాలి. చూసి వచ్చే మనిషికి జ్వరం. నేను వెళ్తాలెండి సార్, అని డైరెక్టరు గారితో చెప్పి బయల్దేరింది. మనసులో చిన్న చిలిపితనం కూడా ఉంది. కింద నిలబడి ఫోన్ చేసి, ఏమండోయ్ పైవాడుగారూ, ఒకసారి కిందికి చూడండి, అనాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

ఇదీ కథ. ఇప్పుడు గేటు దగ్గరికి వెళ్దాం.

*

గేటు పక్కన రేకుల గదిలోంచి వాచ్‌మన్ బయటికి వచ్చాడు. లుంగీ, బనీను, చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షు. మధ్యాహ్నం వేళ పళ్ళు తోముకునేంత తీరికున్న ఉద్యోగం అతనిది.

"ఎవరు కావాలి మేడం?"

"ఎవరూ అక్కర్లేదు. ఇక్కడ పని చూడ్డానికి వచ్చాను. గణాంకాల ఆఫీసు నుంచి."

"పనా?" అన్నాడు వాచ్‌మన్. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది అన్నట్టు కాసేపు ఆలోచించాడు. తర్వాత తాళం తీసి, "రండి, చూసుకోండి," అన్నాడు.

లోపల నాలుగు అంతస్తుల వరకూ స్తంభాలు లేచి ఆగిపోయాయి. స్తంభాల నెత్తిన ఇనుప చువ్వలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. కింది వరస చువ్వల మీద వాచ్‌మన్ తన చొక్కాలు ఆరేసుకున్నాడు. ఒక మూల సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. ఆవిడ వెళ్ళి ఒకదాని మీద చెయ్యి వేసింది. బస్తా ఆకారంలోనే రాయైపోయింది.

"ఎప్పట్నుంచి?"

"ఎండలు ముదరకముందే ఆగిపోయింది మేడం. మేనేజరు ముందు వెళ్ళాడు, తర్వాత ఇంజినీర్లు, తర్వాత మేస్త్రీలు. ఆఫీసులో బల్లలు కూడా పట్టుకుపోయారు. నన్నే మర్చిపోయారు."

"మరి పైన క్రేను తిరుగుతోంది కదా," అంది ఆవిడ.

ఎంత మామూలుగా అడిగిందో అంత మామూలుగానే అతను జవాబు చెప్పాడు. "అది గాలి మేడం."

ఆవిడ పైకే చూస్తూ నిలబడింది. అర్థం కాలేదనుకుని అతను చేత్తో చూపిస్తూ వివరించాడు. "పని లేనప్పుడు దాని బ్రేకు వదిలేస్తారు. బిగించి ఉంచితే పెద్ద గాలికి మొత్తం పడిపోద్ది. వదిలేస్తే ఎటు గాలి వీస్తే అటు తిరుగుద్ది. చూడండి, కొక్కెం పైకి లాగేసి ఉంది. పని చేసే క్రేనుకి కొక్కెం కిందికీ పైకీ ఆడుతుంటుంది కదా."

చూసింది. కొక్కెం పైకే ఉంది. ఆఫీసు కిటికీలోంచి కొక్కెం ఎప్పుడూ కనపడలేదు. చెయ్యి కొస ఒక్కటే కనపడేది. ఈ బ్రేకు సంగతి పెళ్ళయిన కొత్తలో మొగుడే ఒకసారి చెప్పాడు. అప్పుడు విని నవ్వింది కూడా. తర్వాత దానితో ఏం పని పడింది గనక, గుర్తుండడానికి?

"ఆపరేటరు ఏమయ్యాడు?" అంది.

"పైవాడా? బంగారంలాంటి మనిషి. అందరూ వెళ్ళిపోయాక ఆఖరున దిగింది ఆయనే. బ్రేకు వదిలి, కేబిన్ తాళం వేసి వచ్చాడు. ఇక్కడే, ఈ రాయి మీద కూర్చుని నాతో టీ తాగాడు. ఇక నుంచి గాలే ఆపరేటరు, నా డ్యూటీ దానికి ఇచ్చేశా అన్నాడు." వాచ్‌మన్ నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. "మీరు ఆయనకి ఏమవుతారు మేడం?"

"ఆఫీసు నుంచి వచ్చాను," అంది ఆవిడ.

ఇక్కడ ఏడుపు రావాలి, లేకపోతే కోపమైనా రావాలి. ఏదీ రాలేదని నేను చెప్తే మీరు నమ్మాలి. చెప్పులో ఇసక పడింది, దులుపుకుంది. వాచ్‌మన్‌కి థాంక్స్ చెప్పింది. బస్సు ఎక్కి కిటికీ పక్క సీటు దొరికితే కూర్చుంది. లోపల ఎవరో ఇల్లంతా ఖాళీ చేసి, ఊడ్చి, తలుపు వేసి వెళ్ళినట్టు ఉంది. పొద్దున మొగుడు హెల్మెట్ సంచిలో పెట్టుకుంటుంటే తనే మూత బిగించి నీళ్ళ సీసా అందించింది, ఆ సంగతి మాత్రం పదే పదే గుర్తుకొచ్చింది.

*

ఇల్లు మూడో అంతస్తులో. తలుపు తీసిన అత్తగారు, "ఇవాళ ఇంత తొందరగా వచ్చావేం అమ్మాయ్?" అని, జవాబు కోసం చూడకుండా వంటింట్లోకి వెళ్ళి బీన్స్ తుంచడం మొదలుపెట్టింది. అత్తగారికి అరవై దాటాయి, మోకాళ్ళు తప్ప అన్నీ బాగా పనిచేస్తాయి. ముఖ్యంగా కళ్ళు.

కోడలు ఎదురుగా పీట మీద కూర్చుంది. ఒక బీన్స్ కాయ తీసుకుని తుంచింది. ఇంకొకటి తుంచింది.

"అత్తయ్యా, ఆయనకి పని లేదు. మీకు తెలుసా?"

అత్తగారి చెయ్యి ఆగలేదు. "తెలుసు," అంది.

"ఆయన చెప్పారా?"

"వాడా? వాడి నోట్లోంచి మాట ఊడిపడాలంటే పుష్కరం పట్టాలి. సీసా చెప్పింది."

"ఏ సీసా?"

"నీళ్ళ సీసా. అంత ఎత్తున కూర్చునేవాడు నీళ్ళు తాగడు కదా. తాగితే మళ్ళీ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఇన్నేళ్ళూ సీసా ఎలా వెళ్ళిందో అలా నిండుగా తిరిగొచ్చేది, సాయంత్రం నేను తిట్టేదాన్ని. ఉన్నట్టుండి ఒక రోజు ఖాళీగా వచ్చింది. మర్నాడూ ఖాళీయే. సరే, నేల మీద తిరుగుతున్నాడన్నమాట, అనుకున్నాను."

"నాకు చెప్పలేదేం?"

"వాడే చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. పోనీ నువ్వు అడుగుతావనుకున్నాను. నువ్వూ అడగలేదు." అత్తగారు బీన్స్ గిన్నె పక్కకి జరిపింది. "నువ్వు రోజూ పనెలా ఉంది అంటావు, వాడు మామూలే అంటాడు. అది అడగడమూ కాదు, వాడిది చెప్పడమూ కాదు. మధ్యలో నేనెందుకు దూరడం అని ఊరుకున్నాను."

కోడలు తలూపింది. నిజమే. రోజూ అడుగుతుంది, రోజూ అదే జవాబు. ఇంట్లో కూడా కిందటి నెలదే వేసుకుంటూ వచ్చింది. జీతం ఆలస్యమవుతోందని ఆయన అంటే ఆ రంగంలో అది మామూలేగా అనుకుంది, ఎందుకంటే ఆ రంగం గురించి ఆవిడకి తెలియనిది లేదు మరి.

*

చీకటి పడడానికి ఇంకా చాలా టైముందనగా ఆయన వచ్చాడు. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, హెల్మెట్ మేకుకి తగిలించి, సంచి కుర్చీలో పెట్టాడు. పాదాలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఆవిడ ఇదివరకు కూడా ఆ పాదాలు చూసే ఉంటుంది. క్రేను కేబిన్‌లో కూర్చునేవాడి కాళ్ళకి దుమ్మెక్కడిది అన్న ప్రశ్న రాలేదు.

"పనెలా ఉంది?" అంది.

"మామూలే."

"నేను సైటుకి వెళ్ళాను."

ఆయన సంచి జిప్పు తీస్తున్నవాడల్లా ఆగాడు. తర్వాత పూర్తిగా తీసి, ఖాళీ సీసా బయటపెట్టి, మళ్ళీ జిప్పు వేశాడు. వంటింట్లో అత్తగారు కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు అవసరం కన్నా పెద్దగా వినిపించింది.

"వాచ్‌మన్ బాగున్నాడా?" అన్నాడాయన.

"బాగున్నాడు. మిమ్మల్ని బంగారంలాంటి మనిషన్నాడు."

"టీ బాగా పెడతాడు."

ఇద్దరూ కూర్చున్నారు. గొడవ పడాల్సిన మొగుడూ పెళ్ళాలు టీ గురించి మాట్లాడుకుంటున్నారేమిటా అని మీకు ఒళ్ళు మండుతోందా? నాకూ మండుతోంది. కానీ వాళ్ళ దగ్గర గొడవకి కావలసిన వేడి లేదు. ఇద్దరి మొహాలూ కరెంటు పోయిన గదుల్లా ఉన్నాయి.

"ఎందుకు చెప్పలేదు?" అంది చివరికి.

"చెప్దామనే వచ్చాను. ఆ రోజే. బ్రేకు వదిలి నేరుగా ఇంటికే వచ్చాను." ఆయన అరచేతులు చూసుకుంటూ మాట్లాడాడు. "ఆ రోజు నువ్వు ఎంత సంతోషంగా ఉన్నావో గుర్తుందా? నీ అంకెలు టీవీలో చదివారు. డైరెక్టరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారన్నావు. అన్నం పెడుతూ, మీవాళ్ళకి పనికి కొదవ లేదండీ, ఈ నెల ఇంకా పెరిగారు అన్నావు."

ఆవిడకి గుర్తుంది. ఆ రోజు కట్టుకున్న చీర కూడా గుర్తుంది.

"ఊరంతా పని దొరుకుతోందని నా పెళ్ళాం లెక్కలు కట్టి చెప్తుంటే, నాకు పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? వారంలో వెతుక్కుని అప్పుడు చెప్దామనుకున్నాను. ఎక్కడ క్రేను కనపడితే అక్కడికి వెళ్ళాను. నడిచే వెళ్ళాను. ఒకచోట గేటు మూసుంది. ఇంకోచోట వచ్చే నెల రమ్మన్నారు. ఇంకోచోట పలికేవాడే లేడు."

"అప్పుడైనా అనుమానం రాలేదా? అన్నిచోట్లా మూసుంటే పెరగడమేంటి అని?"

"రాలేదు." ఆయన మొదటిసారి ఆవిడ వైపు చూశాడు. "నేను చూసింది నాలుగు గేట్లు. నువ్వు చూసేది దేశం. మూసినవాటి దగ్గరికే నేను వెళ్తున్నానేమో, తెరిచినవి ఎక్కడున్నాయో నాకు చేతకావట్లేదేమో అనుకున్నాను. నువ్వు ప్రతి నెలా తగ్గలేదు, తగ్గలేదు అంటూనే ఉన్నావు. మరి లోపం నాలోనే ఉండాలి కదా?"

అప్పుడు ఆవిడ ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. ఆఫీసు గదిలో మాట ఇంటి గదిలో చెప్పింది.

"మీ సంస్థ మాకు జవాబు పంపడం మానేసింది. జవాబు రాకపోతే కిందటి నెలదే వేస్తాం. మీ సైటు మూతపడిన రోజు నుంచీ నేను వేస్తున్నది పాత అంకే. మీ ఒక్క సంస్థే కాదు, చాలా ఉన్నాయి. బాగా నడిచేవాళ్ళు జవాబు రాస్తారు. మూసేసినవాళ్ళ దగ్గర రాయడానికి గుమాస్తా కూడా మిగలడు. పెరిగినవాళ్ళు పెరిగామని చెప్పారు, పోయినవాళ్ళు పోయామని చెప్పలేదు. నేను కూడేశాను."

"మరి అనుమతులో? ఇళ్ళు కట్టడానికి అనుమతులు బోలెడు ఇస్తున్నారన్నావు?"

"ఇస్తున్నారు. రుసుము పెంచబోతున్నారని అందరూ ముందే తీసి దాచుకుంటున్నారు. కాగితం తీసుకున్నవాళ్ళంతా పునాది తవ్వుతారనుకున్నాను."

ఇంత చెప్పాక ఏదో పగులుతుందనుకుంది. ఏమీ పగల్లేదు. ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఆయన గోడ మీద హెల్మెట్ వైపు చూసి, మెల్లగా అడిగాడు.

"అయితే ఆ అంకెలో నేనున్నానా?"

"ఉన్నారు."

"ఇప్పటికీ?"

"ఇప్పటికీ. మీరూ, మీ మేస్త్రీలూ, అందరూ ఉన్నారు. రేపు ప్రకటనలో కూడా మీరు పని చేస్తున్నట్టే ఉంది. ఆఫీసుకి ఫోన్ చేసి ఇవాళే మార్పిస్తాను. మీ సంస్థ ఎదురుగా సున్నా వేస్తే చాలు, మిగతావన్నీ తిరగదోడక తప్పదు."

"వద్దు," అన్నాడాయన.

ఆవిడ సరిగ్గా వినపడనట్టు చూసింది.

"నన్ను తీసెయ్యకు. పొద్దున్నే లేచి హెల్మెట్ సంచిలో పెట్టుకుని బయటికి వెళ్తాను చూడు, అది ఉత్త నాటకం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎక్కడో ఒకచోట నేనింకా పనిలోనే ఉన్నానని ఇప్పుడు చెప్తున్నావు. ఆ ఒక్కచోటైనా ఉండనీ." గొంతు ఎత్తలేదు, తగ్గించలేదు. కొంచెం ఉప్పు అందుకో అన్నట్టు అడిగాడు. "సున్నా వెయ్యకు. నీ చేత్తో నువ్వు వెయ్యకు."

పెళ్ళయ్యాక ఆయన ఆవిడని ఏదైనా కావాలని అడగడం చాలా తక్కువ. సర్దుకుపోయే మనిషి. ఇప్పుడు అడిగాడు. అడిగింది ఇవ్వడం ఆవిడ చేతిలో పనే. ఏమీ చెయ్యకపోతే చాలు, ఆ అంకె దానంతటదే ఉండిపోతుంది.

వంటింట్లో కుళాయి ఆగింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "గాలి లేచింది. మేడ మీద దుప్పట్లున్నాయి. ఎగిరి ఎవరింట్లోనో పడితే తెచ్చుకోవడం నావల్ల కాదు. ఇద్దరూ వెళ్ళి పట్టుకు రండి," అంది.

"నువ్వు వెళ్ళు," అన్నాడాయన పెళ్ళాంతో.

"ఇద్దరూ అన్నాను," అంది తల్లి.

*

ఆయన మేడ ఎక్కి చాలా రోజులైంది. ఇదివరకు ఆరేసిన బట్టలు తేవడం ఆయన పనే, రెండేసి మెట్లు ఎగబాకేవాడు. పని పోయినప్పట్నుంచీ ఎత్తుకి వెళ్ళడమంటే మనసొప్పట్లేదు. చివరి మెట్టు మీద కాసేపు నిలబడి, తర్వాత గడప దాటాడు.

దుప్పట్లు తీగ మీద పటపటా కొట్టుకుంటున్నాయి. ఒక అంచు ఆవిడ పట్టుకుంది, రెండో అంచు ఆయన పట్టుకున్నాడు. మడత పెట్టడానికి దగ్గరికి వచ్చారు. మడిచి, మళ్ళీ దూరం జరిగారు. సంసారంలో ఇంతకాలం కలిసి చేసిన పని కాబట్టి చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. రెండో దుప్పటి తీగ మీద నుంచి లాగేసరికి దాని వెనకాల ఉన్న ఊరు మొత్తం కనపడింది.

ఆవిడే ముందు చూసింది.

ఊరి నిండా క్రేన్లు. దగ్గర్లో పసుపువి, వాటి వెనక ఎర్రవి, దూరంగా మసకలో సన్నగా గీతల్లా ఇంకా కొన్ని. ఎన్నిసార్లు చూడలేదు ఈ మేడ మీద నుంచి! అన్ని క్రేన్లు లేచాయంటే ఊరు మూడు పువ్వులూ ఆరు కాయలుగా ఉన్నట్టే అని చుట్టాలకి చూపించేది కూడా. ఇప్పుడు చూస్తే ఆ క్రేన్ల పొడవాటి చేతులన్నీ ఒకే వైపు చాపి ఉన్నాయి. పెద్దదీ చిన్నదీ, ఈ సంస్థదీ ఆ సంస్థదీ, అన్నీ ఒకే దిక్కుకి. పనిచేసే క్రేన్లు అలా ఉండవు. ఒకటి ఇటు ఇటుకలు ఎత్తుతుంటే ఇంకొకటి అటు చువ్వలు దించుతుంటుంది.

"ఏమండీ," అంది.

ఆయన అప్పటికే చూస్తున్నాడు. దుప్పటి ఆయన చేతిలోంచి జారి నేల మీద పడింది.

"అక్కడికి వెళ్ళాను," అన్నాడు వేలు పెట్టి చూపిస్తూ. "ఆ ఎర్రదాని దగ్గరికీ వెళ్ళాను. ఆసుపత్రి పక్కదానికీ వెళ్ళాను. ఒక్కొక్కదాని కిందే నిలబడ్డాను గానీ..." ఆగాడు. "ఇలా అన్నీ కలిపి చూళ్ళేదు."

గాలి కొంచెం మారింది. ముందు దగ్గర్లో ఉన్న క్రేను కదిలింది. తర్వాత దాని వెనకది. చూస్తుండగానే ఊరంతా ఉన్న ఇనుప చేతులన్నీ మెల్లగా, చప్పుడు లేకుండా, ఒకదాన్నొకటి చూసుకుని నేర్చుకున్నట్టు అదే వైపు తిరిగాయి.

ఆవిడకి అప్పుడు భయం వేసింది. మధ్యాహ్నం నుంచీ ఏమీ అనిపించని మనిషికి మొదట అనిపించింది అదే. ఒక్కో క్రేను కింద ఎంతమంది? వాళ్ళందరూ రేపటి అంకెలో పనిచేస్తూనే ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది పొద్దున్నే హెల్మెట్ సంచిలో పెట్టుకుని బయల్దేరుతున్నారు? లోపం నాలోనే ఉంది అనుకుంటూ ఎన్ని గేట్ల చుట్టూ తిరుగుతున్నారు?

"లోపం తనలోనే ఉందనుకున్నది మీరొక్కరే కాదు," అంది. "చూడండి. వీళ్ళందరూ అలాగే అనుకుంటున్నారు. నా మాట విని."

ఆయన వంగి కింద పడిన దుప్పటి తీసి భుజాన వేసుకున్నాడు. కాదని మాత్రం అనలేదు.

కొంగు ముడిలో ఫోన్ మోగింది. డైరెక్టరు గారు. డాక్టరు రోజూ నడవమన్నాడని ఆయన సాయంత్రం పూట నడుస్తూనే ఆఫీసు ఫోన్లు చేస్తుంటారు. మాటకీ మాటకీ మధ్య ఆయాసం వినపడడం, వెనకాల చెప్పుల చప్పుడు, అన్నీ ఆవిడకి అలవాటే.

"రేపటి ప్రకటనకి మొదటి వాక్యం రాశానమ్మా," అన్నారాయన ఆయాసపడుతూ. "నిర్మాణ రంగం నిలకడగా కొనసాగుతోంది. బాగుంది కదూ? నీ వైపు నుంచి అంకె ఖాయమేగా?"

మొగుడికి ఆ మాట వినపడింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. తల మాత్రం అడ్డంగా ఊపాడు. వద్దు, అని. ఆవిడ ఆ చేతిని విడిపించుకోలేదు. రెండో చేత్తో ఆ చేతిని పట్టుకుని, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"సార్, మీ ఇంటికి మేడ ఉందా?"

"ఏమిటి?"

"ఒక్కసారి మేడ ఎక్కండి సార్. ఎక్కి క్రేన్లు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. చూసి నాకు చెప్పండి. అంతవరకూ అంకె నా దగ్గరే ఉంటుంది. బయటికి రాదు."

అవతల చెప్పుల చప్పుడు ఆగిపోయింది. ఆయాసం కూడా ఆగింది. లైను తెగిందేమో అనుకుని ఆవిడ ఫోన్ తీసి చూసుకుంది. తెగలేదు. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటే గాలి చప్పుడు వినిపించింది. ఇక్కడ తన చుట్టూ వీస్తున్న గాలే, అక్కడా వీస్తోంది.

"ఎక్కక్కర్లేదమ్మా," అన్నారు డైరెక్టరు గారు. "మేడ మీదే ఉన్నాను. రోజూ ఈ వేళకి నేను నడిచేది ఇక్కడే."